మ్రింగుడు బాధయు ధమనీ చికిత్సయు



మ్రింగుటకు అడ్డుపడు జన్మసిద్ధ ధమనీవైకల్యమును గూర్చి గత సంచికలో వ్రాసిన వైద్యమహాశయులు, ఆ ధమనిని ముడివేసి తెంచుటయే చికిత్స యన్నట్లు సెలవిచ్చిరి. 1946లో శస్త్రవైద్యుడు రాబర్ట్ గ్రాస్ ప్రకటించిన శిశుచికిత్స అట్టిదే. కాని బృహద్ధమని తోరణమునుండి కడపటి శాఖగా పుట్టి, అన్నవాహిక వెనుకగా ఒరసికొనుచు కుడిచేతికి పోవు ఈ నాళమును పెద్దలయందు తెంచి విడిచినచో, చేయి చల్లబడి, పనివేళ నొప్పి పుట్టవచ్చును గనుక, నేటి శస్త్రవైద్యులు సాధారణముగా తెగిన కొనను మెడలోని కెరోటిడ్ ధమనికి కుట్టుదురు. బేరియము త్రాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహికపై ఏటవాలు నొక్కు కనబడినంతనే కత్తి పట్టనక్కరలేదు. ఈ వైకల్యముగలవారిలో పెక్కురు ఏ బాధయు నెఱుగకయే జీవింతురు. వ్యాసమున ఈ మాట లేకపోవుటచే తల్లిదండ్రులు వృథాగా బెదరుదురేమో! ఎట్టివారికి చికిత్స ఆవశ్యకమో ఆ వైద్యులే మరల వివరింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు