రంగుకూ బరువుంది

ఒడిశాలోని కొట్పాడ్ నుంచి జయపురానికి రోడ్డు మీద గంట ప్రయాణం. అక్కడి చిన్న విమానాశ్రయం నుంచి 2022 అక్టోబరులో భువనేశ్వర్‌కు ప్రయాణికుల విమానం మొదలైంది. తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. నా బెంగ ఇలాంటి చిన్న విమానాలన్నిటి గురించీ: కొత్త రంగు వేశాక వాటిని మళ్లీ కాటా ఎక్కిస్తున్నారా?

ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు ఎరుపెక్కించే కొట్పాడ్ మిర్గాన్ నేతగాళ్లకు రంగంటే పదార్థమని వేరే చెప్పక్కర్లేదు. మరిచిపోయేది విమానాల వాళ్లే. అమెరికా స్పేస్ షటిల్ పెద్ద ఇంధన ట్యాంకుకు మొదటి రెండు ప్రయాణాల్లో తెల్లరంగు వేశారు. 1982లో మూడోసారికి ఆ రంగు మానేస్తే దాదాపు 270 కిలోలు తగ్గాయి. కారవాన్ సంగతి చూద్దాం. రెక్కల వైశాల్యం 26 చదరపు మీటర్లు, పైనా కిందా కలిపితే 52. ఆరిన పెయింటు మిల్లీమీటరులో పదో వంతు మందాన ఉండి, చదరపు మీటరుకు 140 గ్రాములు తూగుతుందనుకుంటే రెక్కల మీదే ఏడు కిలోల పైచిలుకు. పాత రంగు గీకకుండా పైన కొత్తది కొడితే అదంతా అదనమే.

నాలుగు టన్నుల విమానానికి ఏడు కిలోలు లెక్కా అంటారు. నిజమే, రెక్కల మీద పెద్ద లెక్క కాదు. కానీ బరువెంతో కాదు, ఎక్కడుందో ముఖ్యమని కావడి మోసినవాడికి తెలుసు. బరువు కేంద్రానికి ఆరు మీటర్ల వెనక, తోక మీద చేరిన రెండు కిలోలు మీటరు దూరంలోని పన్నెండు కిలోలతో సమానం.

నన్ను ఇంకా భయపెట్టేవి ఎలివేటర్, రడ్డర్, ఎయిలెరాన్. కీలు మీద తిరిగే ఈ పలకలకు ముందువైపు బరువు దిమ్మలు పెట్టి తూకం కుదురుస్తారు. కీలు వెనక భాగమే వెడల్పు, పెయింటూ అక్కడే ఎక్కువ పడుతుంది. దిమ్మ మాత్రం పాతదే. తూకం తప్పిన పలక వేగం పెరిగేసరికి గాలిలో జెండాలా కొట్టుకోవడం మొదలుపెట్టవచ్చు. దాన్నే ఫ్లటర్ అంటారు. అది ముదిరితే తోక విరగడానికి క్షణాలు చాలు. వి ఆకారపు తోకున్న బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాకు రంగు వేశాక ఆ పలకల తూకం చూడక తప్పదు. మొత్తం విమానాన్ని తూచినా ఈ లోపం బయటపడదు, పలకలను విడిగా చూడాల్సిందే.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో కూలిన బీచ్ 1900డి రంగు వల్ల కూలలేదు. ఎలివేటర్ కేబుల్ సవరింపులో తప్పు జరిగింది, పైగా బరువు కేంద్రం హద్దు దాటి వెనక్కి పోయింది. ప్రయాణికులకు సగటు బరువులు వేసుకున్న కాగితం మీద మాత్రం అంతా సరిగ్గానే ఉంది. 21 మంది పోయారు. పెయింటు చేరేది కూడా కాగితానికి తెలియని ఆ సందులోకే.

తూకం పెద్ద పనేం కాదు. ఇంధనం తీసేసి, గాలి తగలకుండా హ్యాంగర్ తలుపులు మూసి, విమానాన్ని మట్టంగా నిలిపి, మూడు చక్రాల కింద కాటాలు పెట్టాలి. అందుకే నేను ముందు లాగ్‌బుక్ అడుగుతాను. రంగు వేసిన తేదీ, తూకం వేసిన తేదీ. తూకం రంగుకంటే ముందుదైతే మెరుపు ఎంత బాగున్నా అందులోకి ప్రయాణికులను ఎక్కించను.