అగ్గిపుల్లల ఇంజినీరు

ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగు. 1975లో చదువు పూర్తికాగానే పుణెలో లారీలు తయారుచేసే టెల్కోలో ఉద్యోగం. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంట్లో అంతకు మించి కోరుకునేదేముంది? అరవింద్ గుప్తా మాత్రం 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లా పల్లెలకు వెళ్లారు.

సైన్సును బట్టీ పట్టించకుండా పిల్లలతోనే ప్రయోగాలు చేయించాలని అక్కడ 1972లో పదహారు బడుల్లో ఓ కార్యక్రమం మొదలైంది. పల్లె బడికి ఖరీదైన పరికరాలు ఎక్కడినుంచి వస్తాయి? వచ్చినా, పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాకు తాళం పడుతుంది. (ఆ తాళం సంగతి మన బడుల్లో చదివినవాళ్లకి వేరే చెప్పాలా!) అందుకే గుప్తా దృష్టి సంతలో దొరికే చౌక వస్తువుల మీద పడింది.

సైకిలు వాల్వులో వేసే సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది కదా. దాన్ని అంగుళంలోపు ముక్కలుగా కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలను రెండువైపులా గుచ్చితే అదే కీలు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం చేయొచ్చు. చతురస్రాన్ని వేలితో నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం మాత్రం ఎటు నొక్కినా కదలదు. రైలు వంతెనలోనూ కరెంటు టవరులోనూ అన్నన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లాడికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన బొమ్మల్లో మోటారు మరీ ముచ్చటైనది. ఒక బ్యాటరీ సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు, చిన్న అయస్కాంతం, పూత ఉన్న రాగితీగ చుట్ట... అంతే. కిటుకంతా తీగ కొనల్లోనే ఉంది. పూతను చుట్టూరా గీకేస్తే చుట్ట అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు. ఒక పక్క పూత ఉంచేయాలి. అప్పుడు కొంతసేపు కరెంటు అందుతుంది, కొంతసేపు ఆగుతుంది. ఆగినప్పుడు చుట్ట తన ఊపుతోనే ముందుకెళ్తుంది. మొదటిసారి తిరగకపోతేనే మంచిది, ఎందుకు తిరగలేదో వెతికేటప్పుడే అసలు పాఠం తెలుస్తుంది. పాతిక మార్కుల ప్రాక్టికల్ పరీక్షలో ఆ అవకాశం ఎక్కడ?

గుప్తా కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేశారు. అగ్గిపుల్లల బొమ్మలతో ఆయన రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. హోషంగాబాద్ కార్యక్రమం మొదట జిల్లా అంతటికీ, తర్వాత మరికొన్ని జిల్లాలకూ విస్తరించినా 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్ల పని ఒక్క ఉత్తర్వుతో పోయింది. బొమ్మలకు మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆ మరుసటి ఏడాది ఆయన పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో పిల్లల విజ్ఞాన కేంద్రంలో చేరి, 2014 దాకా పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించారు. 2018లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మలు చేసే పద్ధతులను ఫొటోలతో సహా తన వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. అక్కడ తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. ఇంట్లో ప్రయత్నించేవారు రబ్బరు గొట్టం కోసం పాత సైకిలు షాపులోనే అడగాలి, ఇప్పటి గేరు సైకిళ్లకు అది ఉండదు. బ్లేడుతో కోసే పని పెద్దలు చూసుకుని, మిగతాది పిల్లలకు వదిలేస్తే సరి.