కలవకముందే కడగాలి

క్రోమ్ ప్లేటింగ్ చేసిన సామాను కడిగిన నీళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. ఆ రంగు హెక్సావాలెంట్ క్రోమియంది. దాని ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చు. దాన్ని వదిలించే పద్ధతి దశాబ్దాల నుంచీ ఉన్నదే. నీళ్లలో ఆమ్లం పోసి పీహెచ్‌ను రెండు, మూడుకు దించి, సోడియం మెటాబైసల్ఫైట్ కలిపితే పసుపు కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. విషం పదును చాలావరకు చచ్చిందన్నమాట. తర్వాత సున్నం వేస్తే క్రోమియం బురదై అడుగుకు చేరుతుంది. ఆ బురదను పిండి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అదే షెడ్డులో జింకు ప్లేటింగ్ నుంచి సైనైడ్ నీళ్లు వస్తుంటే వాటిని ఈ తొట్టిలోకి రానివ్వకూడదు. సైనైడ్‌కు ఆమ్లం తగిలితే ప్రాణం తీసే వాయువు పుడుతుంది. దానికి వేరే తొట్టి, వేరే మందు.

ఏ విషం ఎక్కడ పుట్టిందో అక్కడే, ఇంకా చిక్కగా ఉండగానే పట్టుకోవాలి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే. బెంగళూరు మాత్రం అన్నిటినీ కలిపేశాక కడగాలని చూస్తోంది.

నగరంలోని పీణ్య పారిశ్రామికవాడలో చిన్న షెడ్లే ఎక్కువ. అక్కడి భూగర్భ జలాల్లో క్రోమియం ఉందని ఏళ్ల తరబడి నివేదికలు వస్తూనే ఉన్నాయి. మీద పారేది రాజకాలువలనే పెద్ద వాననీటి కాలువల గుండా వృషభావతి నదిలో పడుతుంది. ఊళ్లోని మురుగంతా కలుపుకుని బైరమంగల జలాశయానికి, అక్కడి నుంచి అర్కావతికి, చివరకు సంగమ దగ్గర కావేరికి చేరుతుంది. దారిపొడవునా ఆ నీళ్లతోనే పంటలు.

ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) ఉంది కదా అంటారు. ఎస్టీపీలో పనిచేసేది సూక్ష్మజీవులు. మనిషి మురుగు వాటికి ఆహారం. రంగుల రసాయనాలు, మందుల అవశేషాలు చాలావరకు వాటికి అరగవు. లోహాలు కొంత బురదలోకి పోతాయి, అదే బురదను ఎరువుగా పొలానికి తోలతాం. బీఓడీ పరీక్ష కొలిచేది సూక్ష్మజీవులు తినగలిగినదాన్నే. ఆ అంకె బాగుందంటే మిగిలినదంతా పోయినట్టు కాదు. 2018 జనవరిలో బెళ్లందూరు చెరువు తగలబడితే దేశమంతా చూసింది. ఆ డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 50 కోట్ల జరిమానా వేసింది. మంట, నురగ కంటికి కనబడ్డాయి కాబట్టి కోర్టుదాకా వెళ్లాయి. కనబడని రసాయనం గురించి అడిగేవారేరీ?

కలిపేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు ఒకే ఉమ్మడి కేంద్రానికి వచ్చేవి. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. అలాంటి నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగులో కలిపే ఏర్పాటు చేశారు. పలచన చేయడాన్ని శుద్ధి అని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

శుద్ధికి కొత్త పద్ధతులూ వస్తున్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ అని మనమంతా పిలుచుకునే ఐఐఎస్‌సీలో సుబినయ్ రాణా బృందం ప్లాటినంతో ఒక నానోజైమ్ తయారుచేసింది. ఎంజైము చేసే పనిని అనుకరించే పదార్థమది. వ్యర్థజలంలో ఉండే ఫినాల్‌లను, రంగులను ఎండలో పది నిమిషాల్లో విరగ్గొడుతుందని, గది ఉష్ణోగ్రతలో 75 రోజుల దాకా పాడవదని వాళ్లు చూపించారు. మామూలు ఎంజైములను చాలావరకు చలిలో దాచాలి. ఇది నిజంగా సంతోషించాల్సిన పని. కానీ ప్లాటినం ఖరీదైనది. అద్దకం షెడ్డు గుమ్మం దగ్గర, చిక్కటి నీటి మీద వాడితే ఫలితముంటుంది, వృషభావతి అంతటి ప్రవాహం మీద చల్లితే ఏం మిగులుతుంది? పైగా ఒక పద్ధతి అన్నిటికీ సరిపోదు. క్రోమ్ తొట్టి మీద ఆవిరి లేవకుండా ప్రపంచమంతటా వాడుతూ వచ్చిన మందుల్లో పీఫాస్ రసాయనాలున్నాయి. వాటి కార్బన్-ఫ్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగదు. అమెరికా 2024లో తాగునీటికి వాటిలో రెండు ముఖ్యమైనవాటి పరిమితిని లీటరుకు 4 నానోగ్రాములుగా పెట్టింది. మన 2012 నాటి తాగునీటి ప్రమాణంలో వాటి ఊసే లేదు.

ఇదంతా నగరం గొడవ అనుకోకండి. బెంగళూరు మురుగును శుద్ధిచేసి, రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు జిల్లా చెరువులకు పంపాలన్నది 2018 జూన్‌లో మొదలైన కేసీ వ్యాలీ పథకం లక్ష్యం. కొద్ది వారాల్లోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. హైకోర్టు పంపింగ్ ఆపించింది, తర్వాత మళ్లీ మొదలైంది. ఎండిన చెరువుల్లోకి నీళ్లొచ్చిన మాట, బోర్లలో నీరు పైకొచ్చిన మాట నిజం. కరవు చూసిన రైతు ఆ నీటిని ఎందుకు కాదంటాడు? కానీ వచ్చేది సూక్ష్మజీవులతో చేసే రెండో దశ శుద్ధి నీరే. మూడో దశ కావాలని అక్కడి ఉద్యమకారులు మొదటి నుంచీ అడుగుతున్నారు.

వాళ్లు అడిగేది న్యాయం. దానికి తోడు పీణ్య చిన్న షెడ్లకు విడివిడి కాలువలున్న ఉమ్మడి కేంద్రం, దానికి సర్కారు డబ్బు, రాత్రిపూట ట్యాంకర్లను కాలువల్లో ఖాళీ చేసేవాళ్లకు జైలు కావాలి. కేసీ వ్యాలీ నీటిని లోహాలకు, మందులకు, పీఫాస్‌కు పరీక్షించి, ఫలితాలను నెలనెలా పంచాయతీ ఆఫీసు గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ అతికించాలి. ముళబాగిలు, శ్రీనివాసపుర ఊళ్లలో ఆ నీటితో టమోటా పండించేవాళ్లు చాలామంది మాట్లాడేది తెలుగే.