అర ఎకరం తెగనమ్మి కోచింగా?

మొన్న ధాన్యం కాటా దగ్గర మా ఊరి రైతొకాయన నన్ను పక్కకు పిలిచాడు. "బావా, మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఎంట్రన్స్ కోచింగుకి పట్నంలో చేర్పిద్దామని అర ఎకరం బేరం పెట్టా. ఏమంటావు?" అన్నాడు. ఆయనకున్నది మొత్తం ఎకరం నలభై సెంట్లు. పిల్లకేమో అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఆశ.

"అమ్మావంటే దాని సీటుకి నువ్వే అడ్డం పడ్డట్టు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఇది తెలియని రైతులు ఇంకా చాలామంది ఉన్నారు గనకే రాస్తున్నాను.

మన ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లలో నూటికి 40 రైతు కోటా కింద ఉన్నాయి. ఆ కోటాకి రెండు షరతులు ముఖ్యం. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా పన్నెండేళ్లలో కనీసం నాలుగేళ్లు మునిసిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. తల్లిదండ్రుల పేరనో, విద్యార్థి పేరనో కనీసం ఎకరం భూమి ఉండాలి. అర ఎకరం పోతే ఆయనకు మిగిలేది తొంభై సెంట్లు. కోటా చేజారినట్టే. సొంత ఎకరం లేక కౌలుకు చేసుకునే వాడి పిల్లల మాటేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోజంతా పొలంలో ఉండేది వాడే. సర్కారు వారు ఆలోచించాల్సిన సంగతి ఇది.

కోచింగ్ దండగ అనను. ఈఏపీసెట్‌లో (2021కి ముందు ఎంసెట్ అనేవాళ్లం) బైపీసీ పిల్లలకు మూడు గంటల్లో 160 ప్రశ్నలు. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా 40. ప్రశ్నలన్నీ ఇంటర్ రెండేళ్ల పాఠాల్లోంచే. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఫిజిక్స్‌లో. ఆ ఒక్కదానికి దగ్గర్లోని లెక్చరర్ చేత సాయంత్రాలు చెప్పించండి. మిగతావాటికి పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, గడియారం ముందు పెట్టి రాయించండి. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. అందుకని తెలియని ప్రశ్న కూడా వదలొద్దని చెప్పండి. పరీక్ష కంప్యూటర్ మీద. మౌస్ పట్టని చెయ్యి అక్కడ తడబడుతుంది. నెట్ సెంటర్లో ముందే నాలుగైదు నమూనా పరీక్షలు రాయించాలి.

ఇంట్లో పని సంగతి కూడా చెప్పాలి. మగపిల్లాడికైతే పుస్తకం, ఆడపిల్లకైతే పుస్తకంతో పాటు పేడకళ్లు, పాలు పితకడం. పరీక్షలయ్యే దాకా ఆ పని మనం చేసుకుంటే గేదె పాలివ్వనంటుందా?

కాగితాలు మరీ ముఖ్యం. చాలా ఇళ్లలో పట్టాదారు పాసుపుస్తకం ఇంకా తాత పేరనే ఉంటుంది. కౌన్సెలింగ్ ముందు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే పని కాదు. ఇప్పుడే పేరు మార్పించుకోండి. ఊరి బడిలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు కూడా తీసి పెట్టుకోండి. ఏ ఏటి నిబంధనలు ఆ ఏటి ప్రకటనలో ఉంటాయి, చదివించుకోండి.

మా వాడు బేరం మానుకున్నాడు. ఫిజిక్స్ లెక్చరర్‌కి ఫీజు మాత్రం ధాన్యం డబ్బులు పడ్డాక ఇస్తానని చెప్పాడట.