తర్పణము వేఱు, ధ్వజము వేఱు



ఒక గుడ్డపేలిక కొఱకు జనులు ఇన్ని సంవత్సరములు కలహింపవలెనా యని యడుగువారు కలరు. మంగళసూత్రములు గ్రుచ్చిన పసుపుత్రాడును, పూలు గ్రుచ్చెడి దారమును ఒకే నూలుతో పేనినవే. అంతమాత్రమున ఆ రెండును ఒకటే యని ఏ యిల్లాలైన నొప్పుకొనునా? నూలు అర్థము నీయదు; దానిని ఏ సందర్భమున, ఎవరు, ఎందులకు కట్టిరో యదియే అర్థము నిచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిసిసిపీ యను రాష్ట్రపు ధ్వజమును గూర్చి జరిగిన వివాదము ఇట్టిదే. ఆ వివాదము 2021 లో ముగిసినది గాని, అందలి ప్రశ్న ముగియలేదు. అది ముఖ్యముగా స్త్రీలు విచారింపదగిన ప్రశ్న యని తోచుటచే ఈ నెల దానిని చేపట్టితిమి.

1894 నుండి 2020 వఱకు ఆ రాష్ట్రపు ధ్వజమున నీలము, తెలుపు, ఎఱుపు రంగుల అడ్డుపట్టెలు మూడుండెడివి. పై మూల నొక యెఱ్ఱని చదరమును, అందు కత్తెరవలె నొండొంటిని దాటు నీలపు పట్టెలు రెండును, వానిపై 13 తెల్లని చుక్కలును ఉండెడివి. వివాదమంతయు ఆ మూలను గూర్చియే. అది 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రముల సైన్యములు పట్టిన యుద్ధపతాక.

ఆ యుద్ధ మేల కలిగినది? దక్షిణమున 11 రాష్ట్రములు దేశమునుండి విడిపోయి వేఱు కూటమిగా నేర్పడినవి. దానికే కాన్ఫెడరసీ యని పేరు. అట్లు విడిపోయిన వానిలో మిసిసిపీ రెండవది. 1861 జనవరి 9వ తేదీన విడిపోయినది. విడిపోవుటకు కారణములు తెలుపుచు ఆ రాష్ట్ర ప్రతినిధులే యొక ప్రకటన వ్రాసికొనిరి. బానిసత్వముతో తమ స్థితి పూర్తిగా ముడివడియున్నదని అందు మొదటనే దాచక చెప్పిరి. 1860 జనాభా లెక్కలలో ఆ రాష్ట్ర జనులలో సగముకంటె నెక్కువమంది బానిసలు. ప్రత్తిచేలలో వారు పాటుపడుచుండగా దొరల యిండ్లు నిండుచుండెడివి. బిడ్డను తల్లినుండి విడదీసి సంతలో నమ్ముట ఆనాటి చట్టమునకు సమ్మతము. ఈ యొక్కమాట తల్లులైన వారికి చాలును. యుద్ధమున ఇరుపక్షముల కలిపి ఆఱు లక్షలకు మించి జనులు మరణించిరి. దక్షిణ మోడిపోయెను, బానిసత్వము రద్దయ్యెను.

పాత ధ్వజమును నిలుపగోరినవారి మాట కూడ వినుట న్యాయము. వారు చెప్పునది యిది: "మా ముత్తాతలు బానిసల నేలిన దొరలు కారు, పేదరైతులు. పిలిచిన పోయిరి, చచ్చిరి. వారిని తలచుకొనుట తప్పా? ఆ పతాకను దించుట మా పెద్దల సమాధులపై కాలు మోపుట కాదా?" ఈ మాటలో దుఃఖము కలదు. దుఃఖమును పరిహసింపరాదు. ఓడిన పక్షపు తల్లికిని కడుపుకోత యొక్కటే.

అయినను ఆ దుఃఖమునకు తగిన మార్గము అదే రాష్ట్రమున స్త్రీలే మొదట చూపియుండిరి. మిసిసిపీలో కొలంబసు అను నొక పట్టణము కలదు. యుద్ధము ముగిసిన మఱుసటి యేట, 1866 ఏప్రిల్ 25వ తేదీన, ఆ యూరి స్త్రీలు పూలు తీసికొని శ్మశానవాటికకు పోయిరి. అచ్చట తమ పక్షపు సైనికుల సమాధులతోబాటు, శత్రుపక్షపు సైనికుల సమాధులును ఉండెను. ఆ స్త్రీలు రెండు పక్షముల సమాధులపైనను పూలుంచిరి. తమ బిడ్డలను చంపినవారికి పూలుంచుట సామాన్యమైన పనియా? ఎక్కడనో యొక తల్లి వారికై యెదురుచూచుచుండునని తలచిరి కాబోలు. ఆ వార్త దేశమంతట ప్రాకి, ఒక కవిచే కావ్యము కూడ వ్రాయించినది. దానిని మేము తర్పణ మందుము. పోయినవారికి నీళ్లు వదలుటలో పగ లేదు, డంబము లేదు.

ఇక ధ్వజము సంగతి. ఆ యుద్ధపతాక రాష్ట్రపు ధ్వజములోనికి వచ్చినది యుద్ధకాలమున కాదు, కన్నీరు తడియారని దినములలోను కాదు. యుద్ధము ముగిసి దాదాపు 30 ఏండ్లయిన పిమ్మట, 1894 లో వచ్చినది. అంతకు నాలుగేండ్లు ముందు, 1890 లో, ఆ రాష్ట్రము క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొని, తలపన్ను చెల్లించినవారికే, రాజ్యాంగములోని భాగమును చదివి గాని విని గాని అర్థము చెప్పగలిగినవారికే వోటు కలదని విధించినది. అర్థము సరిగా చెప్పిరో లేదో నిర్ణయించువారు తెల్లదొరలు. దీనిచే నల్లవారి వోటు దాదాపు పూర్తిగా పోయినది. వోటు పోయిన తరువాత ఎత్తిన ధ్వజ మది. కావున అది గతించినవారికై కార్చిన కన్నీరు కాదు. బ్రదికియున్నవారికి చేసిన హెచ్చరిక.

ఇందు మనము మఱువరాని విషయ మొకటి కలదు. అదే 1894 లో దక్షిణ స్త్రీలు యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అను సంఘమును స్థాపించిరి. కూటమి కుమార్తెల సంఘ మని దాని కర్థము. ఊరూర శిలావిగ్రహములు నెలకొల్పుటయు, బడిపుస్తకములను పరిశీలించి తమకు నచ్చనివానిని తీసివేయించుటయు వారి ముఖ్య కార్యములలోనివి. యుద్ధము బానిసత్వము కొఱకు జరుగలేదని, బానిసలు సుఖముగానే యుండిరని ప్రశ్నోత్తరములుగా వ్రాసి పిల్లలచేత వల్లె వేయించిరి. 1861 నాటి ప్రకటనలో తాతలు తమ చేతులతో వ్రాసినదానిని మనుమరాండ్రు ఇట్లు తుడిచివేసిరి. సమాధులపై పూలుంచిన యాడుచేతులే పిల్లల నోట అసత్యము నుంచినవి. ఒక తరమువారు తల్లియొడిలో వినినది వంద యేండ్లు నిలిచినది. స్త్రీల నోటికి బలము లేదనువారు ఈ చరిత్రను చదువవలెను.

ఆ ధ్వజము క్రింద నల్లవారి బ్రదుకెట్లుండెనో ఒక్క యుదాహరణము చెప్పెదము. ఫానీ లూ హేమరు అను నామె ప్రత్తితోటలో కూలిపని చేయు పేదరాలు. 1962 ఆగష్టు 31వ తేదీన వోటరుగా పేరు వ్రాయించుకొనుటకై మఱి 17 మందితో కలిసి బస్సులో ఇండియనోలా పట్టణమునకు పోయెను. పరీక్షలో తప్పినదని ఆమెను పంపివేసిరి. ఇంటికి వచ్చునప్పటికి తోట యజమాని ఆ దరఖాస్తును వెనుకకు తీసికొనుమనెను. తీసికొననన్నందులకు, 18 ఏండ్లు పనిచేసిన ఆ చోటినుండి నాడే వెడలిపొమ్మనెను. 1963 లో వినోనా యను నూరి చెఱసాలలో ఆమెను చావగొట్టిరి. చట్టముచే వోటుహక్కునకు గట్టి రక్షణ కలిగినది 1965 లో మాత్రమే. ఆమె ఏ కచ్చేరీ మెట్లెక్కినను నెత్తిపై నెగురుచుండినది ఆ ధ్వజమే. అది తనదని ఆమె యెట్లనుకొనగలదు?

1948 లో ప్రెసిడెంటు ట్రూమను నల్లవారి పౌరహక్కులకు తోడ్పడుచున్నాడని యలిగి దక్షిణమువారు కొందఱు వేఱు కక్షి కట్టి ఈ యుద్ధపతాకనే ఊపిరి. మిసిసిపీ గవర్నరు ఆ కక్షి తరపున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసెను. తెల్లపిల్లలను నల్లపిల్లలను వేఱు బడులలో నుంచుట చట్టవిరుద్ధ మని 1954 లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1956 లో జార్జియా రాష్ట్రము ఆ పతాకను తన ధ్వజమున చేర్చుకొన్నది. నల్లవారు హక్కడిగిన ప్రతిసారియు ఆ గుడ్డ బయటికి వచ్చెనన్న మాట.

2000 లో చిత్రమైన సంగతి బయటపడినది. 1906 లో చట్టములను మఱల కూర్చినప్పుడు ధ్వజము చట్టము అందు చేర్పబడలేదనియు, కావున రాష్ట్రమునకు చట్టసమ్మతమైన ధ్వజమే లేదనియు మిసిసిపీ సుప్రీముకోర్టు తేల్చినది. 2001 ఏప్రిల్ 17న జనుల నడిగిరి. నూటికి సుమారు 64 మంది పాతదానినే కోరిరి. ఆ రాష్ట్రమున నల్లవారు నూటికి దాదాపు 38 మంది.

పిమ్మట 2015 జూన్ 17వ తేదీన, సౌతు కారొలీనా రాష్ట్రమున చార్లెస్టను పట్టణములో, దేవాలయమున బైబిలు పఠించుచున్న నల్లవారిని తొమ్మిదిమందిని ఒక తెల్ల యువకుడు కాల్చి చంపెను. అతడు ఆ పతాకతో తీయించుకొన్న ఫొటోలు బయటపడినవి. జూలై 10న ఆ రాష్ట్రమువారు శాసనసభ యావరణమునుండి పతాకను దించిరి. మిసిసిపీలో అప్పుడును దిగలేదు. 2020 మేలో మిన్నియాపొలిసు నగరమున జార్జి ఫ్లాయిడు అను నల్లవాని మెడపై పోలీసు మోకాలుంచి చంపుటతో దేశమంతయు కదలినది. క్రీడాసంఘములు పోటీలు నడపబోమనినవి. బాప్టిస్టు మతసంఘము ధ్వజమును మార్పవలె ననినది. జూన్ 28న దిగువసభలో 91 మంది సరే యనిరి, 23 మంది కాదనిరి; పైసభలో 37 మంది సరే యనిరి, 14 మంది కాదనిరి. 30న గవర్నరు టేటు రీవ్సు సంతకము చేసెను. పాత ధ్వజమును చింపలేదు, కాల్చలేదు. సభక్తికముగా దించి జాక్సను నగరపు చరిత్రశాలకు పంపిరి. ఇది మాకు మిక్కిలి నచ్చిన విషయము.

మఱొక స్త్రీని గూర్చి చెప్పక మానరాదు. లారిన్ స్టెన్నిసు అను చిత్రకారిణి 2014 లోనే క్రొత్త ధ్వజము నొకదానిని కల్పించి యూరూర ప్రచారము చేసెను. ఆమె తాత నల్లవారి సమానత్వమును ఎదిరించిన సెనేటరు. తన యింటిపేరు వినినంతనే కొందఱి మనసు నొచ్చునని గ్రహించి, గెలుపు దగ్గఱపడిన 2020 జూన్ నెలలో ఆమె తానై తప్పుకొన్నది. ఆమె చిత్రము తుదకు ఎన్నిక కాలేదు గాని, కార్యము నెఱవేఱినది. పనికై పేరును విడుచుట కొందఱికే సాధ్యము.

క్రొత్త ధ్వజము నేర్పఱచుటకు తొమ్మండుగురి సంఘమును వేసిరి. దాని కధ్యక్షుడు రూబెన్ ఆండర్సను. ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టున న్యాయాధిపతియైన తొలి నల్లవాడాయనయే. నవంబరు 3న జనులు నూటికి 70 మందికి పైగా క్రొత్తదాని కొప్పుకొనిరి. 2021 జనవరి 11న అది చట్టమైనది. దాని నడుమ మాగ్నోలియా పూవు కలదు. అది మన సంపెంగ వర్గమునకు చెందినదే. పూవు చుట్టు 20 తెల్లని చుక్కలు. 20వ రాష్ట్రముగా దేశమున చేరినందులకు గుఱుతు. పైన నొక బంగారు చుక్క ఆ నేల మొదటి వాసులైన ఆదిమజాతుల గౌరవార్థము.

ధ్వజము మాఱినంతమాత్రమున కూలివాని కుండలో బియ్యము పడునా యని యొక యాక్షేపణ కలదు. పడదు. మిసిసిపీ ఆ దేశమున మిక్కిలి పేదయైన రాష్ట్రములలో నొకటి. దాని దారిద్ర్యము ఇంకను అట్లే యున్నది. అయినను ఇంటిలో నొక బిడ్డకు పీటవేసి, ఒక బిడ్డను గుమ్మము కడ కూర్చుండబెట్టినచో, అన్నము సమానముగా వడ్డించితి మనుట సమాధానము కాదు. పీటయును కావలెను.

తిక్కన సోమయాజి తెనిగించిన స్త్రీపర్వమును చదివిన సోదరీమణులకు ఈ వివాదము క్రొత్త కాదు. గాంధారి దుఃఖమును కవి దాచలేదు; దుష్టుల తల్లి యని ఆమెను చులకన చేయలేదు. ధర్మరాజు ఇరుపక్షముల వారికిని దహనసంస్కారములు చేయించి, గంగలో తిలోదకము లిచ్చెను. దుర్యోధనునికిని ఇచ్చెను. కాని హస్తినాపురమున పట్టము కట్టుకొన్నప్పుడు దుర్యోధనుని ఫణికేతనమును కోటపై నెత్తించెనని కవి యెచ్చటను చెప్పలేదు. తర్పణము వేఱు, ధ్వజము వేఱు. మొదటిది పోయినవారిది, ఎవరి పెద్దలకు వారు చేసికొనవచ్చును. రెండవది బ్రదికినవా రందఱిది. దాని క్రింద నిలుచువా రందఱును తలయెత్తుకొని చూడగలుగవలెను.

జార్జియా రాష్ట్రము 2001 లో తన ధ్వజమునుండి ఆ యుద్ధపతాకను తగ్గించి, 2003 లో మఱల మార్చుకొన్నది. అయినను నేటి దాని రూపము కాన్ఫెడరసీ మొదటి ధ్వజమును పోలియే యున్నది. ఆ రాష్ట్రమున మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురము లున్నవి. వారి పిల్లలు దాని క్రిందనే బడికి పోవుచున్నారు. ఆ పిల్లలకు దాని కథను చెప్పవలసినవారు వారి తల్లులే.

మన యిండ్లలోను తాతముత్తాతల గొప్పలు పిల్లలకు చెప్పుచుందుము. చెప్పవలసినదే. వారి పల్లకి యెంత యందమైనదో చెప్పునపుడు, దానిని మోసినవారి భుజములును పిల్లలకు కనబడునట్లు చెప్పుదము. పూలుంచుటకు చేయి చాచుదము గాని, అసత్యమును వల్లె వేయింపకుందము.