మ్యాప్‌లో మన వాడ ఏ రంగులో ఉంది?

2023 జనవరిలో కామారెడ్డి రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించినప్పుడు రాష్ట్రమంతా మాస్టర్ ప్లాన్ అనే మాట విన్నది. పంట భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో, రిక్రియేషన్ జోన్‌లో చూపించిన ముసాయిదా అది. అప్పటికే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. జగిత్యాలలోనూ అదే సమయంలో జనం రోడ్డెక్కారు. ఆ నెలలోనే రెండు మున్సిపల్ కౌన్సిళ్లూ ముసాయిదాలు వద్దని తీర్మానాలు చేశాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అది రైతుల గెలుపు. కాదనడం లేదు. అయితే మాకు వినిపించినంతలో ఆ చర్చంతా పట్టా భూమి చుట్టూనే తిరిగింది. అవే పొలాల్లో కూలికి పోయేవాళ్ల సంగతేమిటి? లావణి పట్టా మీద ఎకరమో అరెకరమో దున్నుకునేవాళ్లు ఏమవుతారు? పట్టణం పెరిగితే వాడ ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నలు వేసే చోటు ఆ రోజు లేదు, ఈ రోజూ లేదు.

ఒక చిన్న పట్టణంలో ముసాయిదా ప్లాన్ చూడటానికి వెళ్లిన అనుభవం మాకుంది. మున్సిపల్ ఆఫీసు వరండాలో గోడకు అంటించారు. పేర్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. పసుపు నివాసం, ఊదా పరిశ్రమ, ఆకుపచ్చ పార్కు. సర్వే నంబర్లు కళ్లు చికిలించినా కనబడవు. మాతో వచ్చిన పెద్దాయన చాలాసేపు చూసి ఒక్కటే అడిగాడు: "మన వాడ ఏ రంగుల ఉంది బిడ్డా?" అది పసుపులో ఉంది. ఊరంతా పసుపే కాబట్టి వాడ విడిగా కనబడదు. వాడను ఆనుకుని తాతల కాలం నుంచి వాడుతున్న బొందలగడ్డ మాత్రం ఏ రంగులోనూ లేదు. దాని మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారు. గీసినవాళ్లకు కోపమో కక్షో ఉందని మేము అనుకోవడం లేదు. అక్కడ బొందలగడ్డ ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. వాళ్లూ అడగలేదు.

చట్టం చూస్తే ఈ పరిస్థితి ఉండకూడదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీలకు ఇవ్వదగిన 18 బాధ్యతలను 12వ షెడ్యూలు జాబితా కట్టింది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. తొమ్మిదోది బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ. శ్మశానాలూ అందులోనే ఉన్నాయి, పద్నాలుగో పద్దులో. అంటే ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో రాసే ఉంది. అయితే ఆ అధికారాలను ఎంతమేరకు ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. ముప్పై ఏళ్లు దాటినా మన దగ్గర చిన్న పట్టణానికి తనదంటూ ఒక ప్రణాళికా సంఘం లేదు. ప్లాన్‌ను గీసేది కన్సల్టెన్సీ, పరిశీలించేది టౌన్ ప్లానింగ్ శాఖ, చివరి మాట రాష్ట్ర ప్రభుత్వానిది. పట్టణంలో ఉండే టౌన్ ప్లానింగ్ అధికారికి ఇంటి పర్మిషన్లు, కూల్చివేత నోటీసులతోనే పొద్దు గడుస్తుంది.

జిల్లా ప్రణాళికా కమిటీ ఉంది కదా అంటారు. 243జెడ్‌డి అధికరణ ప్రకారం అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల మంది జిల్లా పంచాయతీ, మున్సిపాలిటీల ఎన్నికైన సభ్యులే అయి ఉండాలి, వాళ్లను ఎన్నుకోవలసిందీ ఆ సభ్యులే. పల్లెల ప్రణాళికనూ పట్టణాల ప్రణాళికనూ ఒక్కచోట కలిపి, నీళ్లు, భూమి, పర్యావరణం లెక్క చూడవలసిన కమిటీ అది. మన జిల్లాల్లో అది ఎప్పుడు కూర్చుని ఏ ప్లాన్ మీద చర్చించిందో చెప్పగలిగే కౌన్సిలర్ మాకు ఇంతవరకు తారసపడలేదు. పైగా స్థానిక ఎన్నికలు వాయిదా పడినప్పుడల్లా ఆ కమిటీకి సభ్యులే ఉండరు. తెలంగాణలో 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికలు లేకపోయినా ప్లాన్ల ఫైళ్లు మాత్రం ఆగవు.

వార్డు కమిటీల సంగతీ అంతే. రాజ్యాంగం వాటిని తప్పనిసరి చేసింది 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్లే. చిన్న పట్టణాలకు ఆ హక్కు వర్తించదు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ఒక అడుగు ముందుకేసి ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కో దాంట్లో 15 మంది. చూడటానికి బాగానే ఉంది. అయితే ఆ సభ్యులను జనం ఎన్నుకోరు. ఇక "ప్రముఖులు" ఎవరవుతారో, వాడ నుంచి ఎంతమంది అవుతారో మన ఊళ్ల సంగతి తెలిసిన వాళ్లకు వేరే చెప్పాలా?

రిజర్వుడు వార్డుల కౌన్సిలర్లు ఉన్నారు కదా అనే వాదన కూడా వింటుంటాం. 243టి అధికరణ వల్ల వచ్చిన ఆ సీట్లు మనవాళ్లకు ఎంతో ఇచ్చాయి. కానీ రిజర్వేషన్ వార్డుల మీద తిరుగుతుంటుంది. మాస్టర్ ప్లాన్ గీసేది ఇరవై ఏళ్లకు. ఆ ప్లాన్ మీద చేయెత్తిన కౌన్సిలర్ దాని ఫలితం వచ్చే నాటికి కౌన్సిల్‌లో ఉండడు. అభ్యంతరాల రిజిస్టరును, పాత మ్యాపులను, ఇచ్చిన హామీలను పట్టుకుని కూర్చునే సంఘం ఒకటి శాశ్వతంగా ఉండాలని మేము అనడం అందుకే.

అసైన్డ్ భూమి దగ్గర ఈ లోటు మరీ బాధిస్తుంది. పక్క పొలం జోన్ మారితే పట్టాదారు ప్లాట్లు కొట్టి అమ్ముకోగలడు. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమికి ఆ వెసులుబాటు లేదు (ఆంధ్రప్రదేశ్ 2023లో ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చని సవరించింది, దాని మంచిచెడ్డలు వేరే చర్చ). ఎస్సీ కుటుంబాల చేతిలోని భూమిలో చాలా భాగం ఇలాంటిదే. ప్రజావసరం పేరుతో ప్రభుత్వం ముందు కన్నేసేది దాని మీదే, ఎందుకంటే వెనక్కి తీసుకోవడం తేలిక. పట్టా భూమితో సమానంగా పూర్తి పరిహారం ఇవ్వాల్సిందేనని 2004లోనే మేకల పాండు కేసులో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఉందని తెలియకుండానే సంతకాలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక గ్రామాన్ని మున్సిపాలిటీలో కలిపితే కూలికి పోయే ఆడవాళ్లు కోల్పోయేది ఉపాధి హామీ పని. విలీనంతో ఇంటి పన్ను పెరుగుతుంది, పని పోతుంది. అయినా ఏ ముసాయిదాలోనూ ఈ నష్టానికి ఒక పేజీ ఉండదు.

కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమం ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. ఎస్సీ ఉపప్రణాళిక నిధులను కూడా కిందికే పంపింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. దళితులు, ఆదివాసీలు వెనకబడే ఉన్నారన్న విమర్శలు అక్కడి మేధావులే చేశారు. కానీ వార్డు సభలో మాట్లాడి, డబ్బు లెక్క అడిగే అలవాటు ఒకటి వచ్చింది. మనకు 2013 ఉపప్రణాళిక చట్టం ఉంది, తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ నిధుల లెక్క ఒక శాఖలో, మాస్టర్ ప్లాన్ ఇంకో శాఖలో. వాడకు డ్రైనేజీ కోసం డబ్బు మంజూరయ్యే నాటికి ఆ వాడే రోడ్డు వెడల్పు కింద పోవచ్చు.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. ప్రతి మున్సిపాలిటీకి చట్టబద్ధమైన ప్రణాళికా సంఘం, అందులో జనాభా నిష్పత్తికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీ సభ్యులు, సగం మంది మహిళలు. ముసాయిదా తెలుగులో, సర్వే నంబర్లతో సహా ప్రతి వాడలో అతికించాలి, వాడలోనే సభ పెట్టి చదివి వినిపించాలి. ఇప్పుడున్న భూమి వాడకం మ్యాపులో వాడలు, అసైన్డ్ భూములు, బొందలగడ్డలు, చెత్త యార్డులు విడివిడిగా కనబడాలి. ప్రతి అభ్యంతరానికీ ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అన్నిటికంటే ముందు ఆ సంఘానికి ప్లాన్‌ను తిప్పి పంపే అధికారం ఉండాలి. సలహా ఇచ్చి చాయ్ తాగి వచ్చే కమిటీలు మనకు చాలానే ఉన్నాయి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ పట్టణం ముసాయిదా ప్లాన్ ఏ దశలో ఉందో సమాచార హక్కు కింద ఈ వారమే అడగండి, మ్యాపు నకలు తీసుకోండి. వాడలో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బొందలగడ్డ హద్దులు, పాత బావి, అసైన్డ్ సర్వే నంబర్లు దాని మీద గుర్తుపెట్టండి. అభ్యంతరాల గడువు ముగిసేలోపు ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి.