తప్పు గవర్నరుది కాదు

మస్కట్ నగరంలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఖురం ప్రాంతానికి ఆ పేరు మడచెట్ల వల్ల వచ్చింది. మడచెట్లు ఉప్పునీటిలో తమంతట తామే పెరుగుతాయి. వాటికి కొద్ది దూరంలో, ఉద్యానవనంలో పరచుకొన్న పచ్చిక మాత్రం మనిషి నీరు పోస్తేనే బ్రతుకుతుంది. గల్ఫు దేశాలలో విరివిగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయక చవితి పూజకు కోసుకొచ్చే గరికే. తెలుగునాట పొలం గట్ల మీద ఎవరూ అడగకుండా మొలిచే ఈ గడ్డిని అక్కడ నీరు పోసి పెంచి, పెరిగినదానిని కోయడానికి యంత్రాన్ని కొనవలసి వస్తున్నది. విశాలమైన పచ్చికలకు మనిషి పైన కూర్చుని నడిపే కోతబండి వాడతారు. దాని పెట్రోలు ఇంజనుకు అప్పుడప్పుడు ఒక వింత జబ్బు పట్టుకొంటుంది.

బండి నిలిచే ఉంటుంది. ఇంజను మాత్రం గొంతు పెంచుతుంది, తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. ఆగిపోదు, అలాగని కుదురుగానూ ఉండదు. పల్లెలో ఆయిల్ ఇంజను ప్రక్కన పెరిగిన పెద్దలకు ఈ ఊగులాట కొత్త కాదు. మెకానిక్కులు దీనిని హంటింగ్ అంటారు. మూత తీసి చూస్తే కార్బురేటరు ప్రక్కన ఒక సన్నని కడ్డీ ఆ ఊపుకు తగినట్టు ముందుకూ వెనుకకూ కొట్టుకొంటూ కనిపిస్తుంది. అది గవర్నరు కడ్డీ. కంటికి కదిలేది అదొక్కటే గనుక నేరమంతా దానిపైనే మోపుతారు. స్ప్రింగును సాగదీసేవారు, మరో రంధ్రంలోకి మార్చేవారు, తీగ చుట్టి బిగించేవారు కోకొల్లలు. ఇది వట్టి పొరపాటే కాదు, ప్రమాదకరం కూడా.

గవర్నరు పని ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచడం. లోపల తిరిగే చిన్న బరువులు వేగం పెరిగినకొద్దీ బయటికి విచ్చుకొని థ్రాటిల్ రేకును మూయజూస్తాయి. బయటనున్న స్ప్రింగు దానిని తెరవజూస్తుంది. ఈ పోటీ సమమైన చోట వేగం నిలుస్తుంది. కోతబండ్లలో అది సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లకు మించకుండా ఏర్పాటు చేస్తారు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన గుండ్ల గవర్నరు దీనికి పూర్వీకుడు. దూరదర్శినిని నక్షత్రాల వెంట త్రిప్పే యంత్రానికి ఇటువంటి సాధనాన్నే వాడి, అది ఊగులాట పట్టడం చూచి ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎయిరీ 1840లో దానిని గణితంతో విచారించాడు. ఏ పరిస్థితులలో ఈ కదలిక తనంతట తాను అణగుతుందో, ఎప్పుడు పెచ్చు పెరుగుతుందో 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ తేల్చాడు. ఇంత చరిత్ర గల సమస్యను ఒక పట్టుకారుతో సరిచేయబోవడం సాహసమే.

గవర్నరు ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞను అమలుచేయవలసినది పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం. 1 పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి, తూకంలో, సరిపోతుంది. పెట్రోలు అంతకంటె బాగా తగ్గితే ఇంజను నీరసిస్తుంది. ఇక్కడే చాలామంది తప్పుదారి పట్టే విషయం ఒకటున్నది. ఇంజను వేగంగా తిరుగుతున్నది గనుక థ్రాటిల్ బాగా తెరిచి ఉంటుందని అనుకొంటారు. కోతబ్లేడ్లు కలపనప్పుడు జరిగేది దానికి సరిగ్గా విరుద్ధం. బరువు లేని ఇంజనుకు కొద్ది మిశ్రమమే చాలు. వేగం ఎంత ఉన్నా రేకు దాదాపు మూసుకొనే ఉంటుంది. ఆ స్థితిలో పెట్రోలును అందించేది పెద్ద జెట్టు కాదు, అర మిల్లీమీటరు రంధ్రం ఉన్న చిన్న జెట్టు. అందులో జిగురు పేరుకొంటే మిశ్రమం పలచబడి వేగం పడిపోతుంది. గవర్నరు తన ధర్మంగా రేకును తెరుస్తుంది. పెద్ద జెట్టు అందుకొంటుంది, ఇంజను ఒక్కసారిగా పుంజుకొంటుంది. గవర్నరు మళ్ళీ మూస్తుంది, ఇంజను మళ్ళీ పస్తు పడుతుంది. కడ్డీ కొట్టుకోవడం రోగం కాదు, రోగికి జరుగుతున్న ఉపచారం.

ఖురంలో ఇటువంటి బండి ఊగినప్పుడు మొదట మాట పడేది దానిపై కూర్చున్న మనిషి. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫుకు వచ్చి తోటపనిలోనో మోటారు పనిలోనో కుదిరినవారు తెలుగువారిలో తక్కువేమీ కాదు. "నువ్వే పాడు చేశావు" అన్న నింద, ఒక్కొక్కచోట జీతంలో కోత, వారికి తెలియనివి కావు. ఆఫీసు గదిలోని ఇంజనీరు, అతడూ తెలుగువాడే కావచ్చు, కొత్త ప్లగ్గు, కొత్త ఫిల్టరు, చివరికి కొత్త కార్బురేటరుకు ఆర్డరు వ్రాస్తాడు. "గడ్డిల దిగితే మంచిగనే నడుస్తది సార్" అని నడిపేవాడు చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కదు. కాని నిర్ధారణలో సగం ఆ ఒక్క మాటలోనే ఉన్నది! బ్లేడ్లు గడ్డిలో దిగగానే బరువు పడి రేకు తెరుచుకొంటుంది, పెద్ద జెట్టు పని మొదలుపెడుతుంది, ఊగులాట ఆగిపోతుంది. అంటే దోషం చిన్న జెట్టు దారిలో ఉన్నదని ఆ మనిషి, ఆ పేర్లు తెలియకుండానే, చెప్పేశాడు. అతడిని అడగకుండా విడిభాగాలు మార్చడం రోగిని పలకరించకుండా మందు వ్రాయడం వంటిది.

మిగిలిన సగానికి పరికరాలు అక్కరలేదు. చోక్‌ను కొద్దిగా మూస్తే ఇంజను కుదుటపడిందా, మిశ్రమం పలచబడిందన్నమాటే. నల్లని పొగ వచ్చి ఇంకా మొరాయిస్తే ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిందేమో చూడాలి. కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ ప్యాకింగు మీద కాసిని నీటి తుంపరలు చల్లినపుడు చప్పుడు మారితే అక్కడ గాలి చొరబడుతున్నది. పావుగంట బాగా నడిచి తరువాత నీరసించే బండికి టాంకు మూత వదులు చేసి చూడాలి; ఆ మూతలోని సన్నని గాలిరంధ్రానికి ఖురం దుమ్ము చాలు. ఇవేవీ చూడకుండా స్ప్రింగును సాగదీస్తే వేగం హద్దు దాటి కనెక్టింగ్ రాడ్డు విరిగి ఇంజను పెట్టెను చీల్చుకొని రావచ్చు. క్రింద బ్లేడ్లు తిరుగుతుంటాయని, పైన మనిషి కూర్చుని ఉంటాడని మరువరాదు.

ఈ జబ్బు ఇటీవలి బండ్లలో ఎక్కువ కావడానికి మరొక కారణమున్నది. 1997 నుంచి అమెరికాలో చిన్న ఇంజనుల పొగపై నియమాలు వచ్చిన తరువాత కార్బురేటర్లను ఫ్యాక్టరీలోనే పలచని మిశ్రమానికి అమర్చి, మరలను త్రిప్పే వీలు లేకుండా చేశారు. గాలి శుభ్రతకు అది మేలే. కాని జెట్టులో కొద్దిపాటి జిగురును సైతం ఓర్చుకొనే వెసులుబాటు ఇంజనుకు మిగలలేదు. ఇక ఎండ సంగతి. పెట్రోలులోని తేలిక భాగాలు ముందు ఆవిరైపోతాయి; మిగిలినది గాలితో కలిసి గోధుమరంగు లక్క వంటి పూత కడుతుంది. అమెరికాలో చలికాలమంతా షెడ్డులో నిలిచిన బండికి పట్టే గతి ఖురంలో కొద్ది వారాల వేసవికే పడుతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు ఒమాన్‌లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. ఆ మూడు గంటలూ మనిషి నీడకు వెళ్ళి, బండి మాత్రం ఎండలో ఉడుకుతుంటుంది. దానినీ నీడలోకి తోయమని నడిపేవాడికి చెప్పాలి, తోయడానికి నీడ చూపాలి.

పూడిన జెట్టును ఉక్కుతీగతో పొడవరాదు. ఇత్తడి రంధ్రం పెద్దదై మరో జబ్బు తెస్తుంది. కార్బురేటరు శుద్ధి ద్రవంలో నానబెట్టి, గాలి ఊది, విద్యుత్తు వైరులోని సన్నని రాగిపోగుతో మెల్లగా తుడవాలి. వేసవి సెలవులకు విజయవాడకో హైదరాబాదుకో బయలుదేరే ముందు టాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది అయిపోయి ఇంజను తనంతట తానే ఆగేదాకా నడిపిస్తే ఈ పని పడదు. దానికి పట్టేది పావుగంట.